కానరాని ద్రవ్యమును తూచిన జ్వికీ

ఫ్రిట్జ్ జ్వికీ 1898లో బల్గేరియాలోని వార్నా నగరమున జన్మించెను. స్విట్జర్లాండులో విద్య ముగించుకొని, 1925లో అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థను చేరెను. అచటనే స్థిరపడినను స్విస్ పౌరసత్వమును విడువలేదు.

1933లో ఆయన దృష్టి కోమా గెలాక్సీల గుంపుపై నిలిచెను. అందలి గెలాక్సీల వేగములలో సెకనుకు వేయి కిలోమీటర్లు, అంతకు మించియు భేదము కానవచ్చెను. వెలుగునిచ్చు ద్రవ్యము మాత్రమే అచట నున్నచో ఆ భేదము 80 కిలోమీటర్లకు మించరాదు. గుంపు ఏనాడో చెదరిపోవలసినది. చెదరలేదు గనుక, కానరాని ద్రవ్యమేదో దానిని బంధించి యుంచినదని జ్వికీ ఊహించెను. నాటి దూరపు కొలతల దోషముచే ఆయన లెక్క మితిమీరినది. తర్కమునకు మాత్రము లోపము లేదు.

దాదాపు నలువది సంవత్సరములు ఆ మాటను పట్టించుకొన్నవారు అరుదు. ఆయన నోటి దురుసుతనమే కారణమని కొందరందురు. అది సగము నిజము. (ఇట్టి కోపిష్ఠియే యుద్ధానంతరము ధ్వంసమైన గ్రంథాలయములకు టన్నులకొలది శాస్త్రపత్రికలు సేకరించి పంపెను.) సందేహమునకు తావీయని సాక్ష్యము లేకపోవుటయే అసలు కొరత.

ఆ సాక్ష్యము గెలాక్సీల అంచులనుండి వచ్చెను. సూర్యునికి దూరమైన కొలది గ్రహముల వేగము తగ్గును: బుధునికి సెకనుకు 47 కిలోమీటర్లు, నెప్ట్యూనుకు 5 మాత్రమే. గెలాక్సీ అంచున నుండు నక్షత్రములును అట్లే మందగింపవలెను. కాని 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డులు ఆండ్రోమెడా గెలాక్సీని కొలువగా, అంచులయందు వేగము ఊహించినట్లు తగ్గకుండెను. వెలుగునకు ఆవలగూడ ద్రవ్యము వ్యాపించి యున్నదని పలువురు అంగీకరించుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. అంతలో, 1974లో, జ్వికీ పాసడీనాలో కన్నుమూసెను.