జీతం లేని పాఠాలు: ఎమ్మీ నోథర్

ఎం.ఎస్సీ. గణితం చదివే అక్కల్ని అడగండి, నోథీరియన్ రింగ్ అనే మాట చెబుతారు. అది ఒక స్త్రీ ఇంటిపేరు నుంచి వచ్చిన మాట. ఆ పేరు మీద యూనివర్సిటీలో పాఠం చెప్పుకోడానికి ఆమెకి నాలుగేళ్ళపాటు అనుమతి దొరకలేదంటే నమ్మబుద్ధి కాదు.

ఎమ్మీ నోథర్ 1882 మార్చి 23న జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి మాక్స్ నోథర్ అక్కడి యూనివర్సిటీలో గణితం ప్రొఫెసరు. ఆయనది బీజగణిత జ్యామితి, అంటే సమీకరణాల నుంచి పుట్టే ఆకారాల శాస్త్రం. ఎక్స్ వర్గం, వై వర్గం కలిపితే 1 అన్న సమీకరణం వృత్తమవుతుందని మనమూ ప్లస్ టూలో చదువుకున్నాం కదా! అలాంటి వక్రరేఖల మీదే ఆయన పేరు తెచ్చుకున్నారు.

చదువుకున్న ఆడపిల్లకి ఆ రోజుల్లో టీచరు ఉద్యోగమే దారి. ఎమ్మీ కూడా 1900లో ఫ్రెంచి, ఇంగ్లీషు బోధించే పరీక్ష పాసయ్యారు. కానీ ఉద్యోగంలో చేరలేదు, గణితం వైపు తిరిగారు. ఎర్లాంగెన్‌లో అప్పటికి ఆడవాళ్ళని విద్యార్థులుగా చేర్చుకునేవారు కాదు. ఒక్కో ప్రొఫెసరునీ అడిగి, ఒప్పుకుంటే కూర్చుని వినడమే. 1903లో ఆ నియమం మారింది, 1907లో ఆమె డాక్టరేటు పూర్తి చేశారు. తర్వాత ఏడేళ్ళు అక్కడే పనిచేశారు. తండ్రికి ఒంట్లో బాగోకపోతే ఆయన క్లాసులూ తీసుకునేవారు. జీతం మాత్రం లేదు.

1915లో హిల్బర్ట్, క్లైన్ అనే పెద్ద గణితవేత్తలు ఆమెని గొట్టింగెన్‌కి పిలిపించారు. అక్కడి అధ్యాపకుల్లో కొందరు అడ్డం తిరిగారు. యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులు ఒక ఆడమనిషి దగ్గర పాఠం వినాలా అన్నది వాళ్ళ అభ్యంతరం. దాంతో క్లాసు హిల్బర్ట్ పేరున ప్రకటించేవారు, చెప్పేది ఎమ్మీ. ఈ పరిస్థితిలోనే 1918లో ఆమె భౌతికశాస్త్రానికి పెద్ద సిద్ధాంతం ఇచ్చారు: ప్రకృతి నియమాల్లో నిరంతరంగా సాగే సౌష్ఠవం ఉన్నచోట ఏదో ఒక రాశి మారకుండా నిలుస్తుందని. 1919లో సొంత పేరున బోధించే హక్కు వచ్చింది. చిన్నపాటి జీతం రావడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది.

1921లో వచ్చిన ఆమె వ్యాసం బీజగణితం నడక మార్చేసింది. అందులోని ఆలోచనని జ్యామితి భాషలో చెబితే సులువు. ఒక ఆకారంలో ఇంకా చిన్న ఆకారం, దానిలో మరీ చిన్నది, ఇలా తీసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఆగి తీరాలి. ఈ ఆగడం అనే ఒక్క షరతు చాలు, బోలెడన్ని ఫలితాలు వాటంతట అవే వస్తాయని ఆమె చూపించారు. ఉదాహరణకి, ఎక్స్‌నీ వైనీ గుణిస్తే సున్నా అన్న సమీకరణం రెండు సరళరేఖలుగా విడిపోతుంది. అలాగే ఎంత చిక్కు ఆకారమైనా, ఇక విడదీయలేని ముక్కలుగా, లెక్కపెట్టగలిగినన్నిగా విడిపోతుంది. పేజీల కొద్దీ గుణకారాలు చేసే చోట ఒక్క ఆలోచన పెట్టడం ఆమె పద్ధతి. తండ్రి మాక్స్ చనిపోయింది కూడా ఆ ఏడాదే.

1924లో హాలండ్ నుంచి వచ్చిన వాన్ డెర్ వార్డెన్ ఆమె దగ్గర ఈ పద్ధతి నేర్చుకుని, దానితో బీజగణిత జ్యామితికి పునాదులు వేయడం మొదలుపెట్టారు. ఇటలీలో శిక్షణ పొందిన జారిస్కీ, పాత నిరూపణలు గట్టిగా లేవని తేల్చుకుని, 1935 తర్వాత ఈ కొత్త బీజగణితాన్నే ఆశ్రయించారు. 1960ల్లో గ్రోథెండిక్ ఆ శాస్త్రాన్ని మళ్ళీ కట్టినప్పుడూ నోథర్ పెట్టిన షరతు అందులో అడుగడుగునా ఉంది. తండ్రి నడిచిన నేలకి కూతురు పునాది రాయి ఇచ్చింది.

1933లో నాజీలు యూదులని ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఎమ్మీ ఉద్యోగమూ పోయింది. కొన్నాళ్ళు ఇంట్లోనే క్లాసులు జరిపారు. ఆ ఏడాది చివర్లో అమెరికా వెళ్ళి, పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ కాలేజీలో చేరారు. అది మనలాంటి మహిళా కళాశాలే. గణితశాఖ అధిపతి అన్నా పెల్ వీలర్ కూడా ఒకప్పుడు గొట్టింగెన్‌లో చదివిన స్త్రీయే. జర్మనీలో ఎక్కువగా అబ్బాయిల మధ్య పాఠం చెప్పిన ఎమ్మీ చుట్టూ ఇక్కడ నలుగురు యువతులు చేరారు. వారిలో రూత్ స్టాఫర్ 1935లో డాక్టరేటు పొందారు.

ఆ ఏడాదే ఏప్రిల్ 14న, ఆపరేషన్ అయిన కొద్ది రోజులకి ఎమ్మీ కన్నుమూశారు. వయసు 53. గొట్టింగెన్ ఆమెకి పూర్తిస్థాయి ప్రొఫెసరు పదవి ఎన్నడూ ఇవ్వలేదు. అస్థికలని బ్రిన్ మార్ లైబ్రరీ వసారా నడవ కింద ఉంచారు. పుస్తకాలు చంకన పెట్టుకుని అమ్మాయిలు రోజూ ఆ దారినే క్లాసుకి వెళ్తుంటారు.