ఇన్‌చార్జి దొర గారు



ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం వ్రాయమని కార్యదర్శి గారు కోరే నాటికి నేను అమెరికాలో, ఆల్బనీ నగరంలో మా అమ్మాయి ఇంట ఉన్నాను. ఒకనాడు అల్లుడు గారు క్రల్లర్ అనే పిండివంట తెచ్చారు. మైదాపిండిని తాడులా మెలిపెట్టి, నూనెలో వేయించి, పంచదార అద్దినది. క్రోల్ అనే డచ్చి అధికారి పేరే దానికి వచ్చిందని చెప్పుకుంటారట. ఆయన ఆ ఊరివాడేనని తెలిసి లైబ్రరీకి వెళ్ళాను.

బాస్టియాన్ యాన్సన్ క్రోల్ 1595లో హాలండు దేశపు హార్లింగెన్ రేవులో జన్మించారు. మొదట నేతపనివారు. 1624లో డచ్చి వెస్టిండియా కంపెనీ కొలువులో, నేటి న్యూయార్కు ప్రాంతానికి వెళ్ళారు. రోగులను ఓదార్చడం, ప్రార్థనలు చదవడం ఆయన ఉద్యోగం. పాదిరీని పంపమని స్వదేశం వెళ్ళి అడిగితే, బాప్తిస్మాలు, పెండ్లిండ్లు కూడా నీవే జరిపించమన్నారు. జీతగాడు దొరికితే పనులు పెరగడం ఆనాడూ ఉన్నదే!

1626లో, నేడు ఆల్బనీగా మారిన ఫోర్ట్ ఆరెంజి అధికారి స్థానిక తెగల యుద్ధంలో తలదూర్చి హతుడయ్యాడు. స్థానికుల భాష తెలిసిన క్రోల్‌ను ఆ స్థానంలో వేశారు. బీవరు తోళ్ళ వ్యాపారం చూశారు. 1630లో వాన్ రెన్సెలార్ అనే కంపెనీ డైరెక్టరు కోసం మహికన్ తెగవారి వద్ద భూములు కొన్నారు. 1632లో గవర్నరు మిన్విట్‌ను వెనక్కి పిలవగా వలస మొత్తానికి ఇన్‌చార్జి అయ్యారు. మరుసటి ఏడాది ఆ కుర్చీలోకి వచ్చినవాడు వాన్ ట్విల్లర్. వాన్ రెన్సెలార్‌కు స్వయానా మేనల్లుడు!

ఇక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. నేనూ పదకొండు నెలలు ఇన్‌చార్జి సూపరింటెండెంటుగా చేసి, పాత సీటుకే తిరిగి వెళ్ళినవాడినే. ఆ బాధతో రిటైర్మెంటు సన్మానానికి కూడా వెళ్ళలేదు. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని సిద్ధమై, మారుమాట లేకుండా చీర మార్చుకుంది. ఆమె ఇప్పుడు లేదు.

క్రోల్ మాత్రం 1638లో ఫోర్ట్ ఆరెంజికి మళ్ళీ అదే పాత హోదాలో వచ్చి, 1643 వరకు పనిచేశారు. 1674లో ఆమ్‌స్టర్‌డాంలో మరణించారు. ఆ ఏడాదే ఆ వలస శాశ్వతంగా ఇంగ్లీషువారి పరమైంది.

పిండివంట సంగతంటారా? డచ్చి భాషలో మెలితిప్పడాన్ని క్రుల్లెన్ అంటారు. పేరు దాని నుంచే వచ్చిందని పండితులు తేల్చారు. కుర్చీ మిగలలేదు, కంపెనీ మిగలలేదు, చివరకు వంటకం పేరు కూడా ఆయనది కాదు. చేసిన పని మాత్రం లెక్కకు వచ్చింది.

ఈసారి వార్షికోత్సవ సన్మానానికి నేను తప్పక వస్తాను. మీరంతా సతీసమేతంగా రండి.

సెలవు.