అమృతాంజనము ఎవరి సొత్తు?

అమలాపురము నుండి రాజోలు వరకు, మన కోనసీమలో అమృతాంజనము పేరెరుగని ఇల్లు అరుదు. తలనొప్పి వచ్చినంతనే ఆ సీసాకై చేయి చాచుట మనకు తరతరముల అలవాటు. ఆ పేరు వెనుకనున్న మహనీయుని చరిత్ర నెరిగిన విద్యార్థులు మాత్రము కొందరే. ఇంతకును ఆ పేరు నేడెవరి సొత్తు?

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో కృష్ణామండలమందలి ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పొంది, జీవికకై కలకత్తాకును, పిదప బొంబాయికిని వెడలిరి. బొంబాయియందే 1893లో అమృతాంజనమును ప్రారంభించిరి. సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టి, మందు గుణమును జనులే తెలిసికొనునట్లు చేసిరి. వ్యాపారము వర్ధిల్లినది.

ఆ లాభమును పంతులుగారు తమ భోగమునకై దాచుకొనలేదు. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. 1914లో మద్రాసునుండి దానినే దినపత్రికగా నడిపిరి. 1924లో భారతి మాసపత్రికను స్థాపించిరి. ఆంధ్రగ్రంథమాల మూలమున మంచి పుస్తకములను చవుకవెలకు అందించిరి. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకేగిరి. 1937లో శ్రీబాగు ఒడంబడిక జరిగినది మద్రాసులోని వారి గృహముననే. మరుసటి యేడు వారు పరమపదించిరి.

వారి జీవితకాలముననే, 1936లో, ఆ వ్యాపారము పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మారినది. పిమ్మట అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు బాధ్యత వహించిరి. నేడు అది అమృతాంజన్ హెల్త్‌కేర్. నిర్వహణము వంశీయుల చేతనున్నను, వాటాలు స్టాకు మార్కెటులో ఎవరైనను కొనవచ్చును. ఆస్ట్రేలియాలో పెన్‌ఫోల్డ్ అను వైద్యుడు 1844లో నెలకొల్పిన ద్రాక్షాసవ సంస్థ అటులైన నిలువలేదు. సీసాపై ఆయన పేరున్నను, సంస్థ ఆ కుటుంబమును వీడి, చేతులు మారి, నేడొక పెద్ద కంపెనీలో భాగమైనది. ఆ విధముగా చూచిన మన పేరు భాగ్యము చేసికొన్నదే.

అయినను ఒక కొరత. అమృతాంజనము నిలిచినది. దాని లాభముతో పెరిగిన ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయినది, భారతియు ఆగినది. పేరునకు చట్టప్రకారము వాటాదారులు కలరు. పంతులుగారు తెలుగునకు చేసిన సేవకు వాటాదారులెవరు? చదువువారే, చదివించువారే. గ్రంథాలయమున పాత భారతి సంపుటము కానవచ్చినచో, ఉపాధ్యాయులు దానిని విద్యార్థి చేతికిత్తురుగాక. ఆ సొత్తు పంచుకొన్నకొలది మిగులును.