పునీత క్లారమ్మ గారి ముసుగు



ఆదివారం దేవాలయంలో అడుగు పెట్టగానే మన తల్లులు, అక్కచెల్లెళ్ళు చీరకొంగు తలమీదకు తీసుకొంటారు. అమ్మమ్మల నాటి నుండి మనకు వచ్చిన అలవాటు ఇది. ఈ రోజుల్లో కొందరు ఆడపిల్లలు తల కప్పుకోవడం లేదని పెద్దలు నొచ్చుకొంటారు. పదిమందిలో మందలిస్తే పిల్లలు చిన్నబుచ్చుకొంటారు. మీ ఇంట్లో కూడా ఈ మాట వచ్చే ఉంటుంది. అది తగవుగా మారకముందే, ముసుగు కోసం సిరిసంపదలు విడిచిన ఒక యువతి జీవితాన్ని గుర్తు చేసుకొందాం. ఆమె అసీసీపుర పునీత క్లారమ్మ గారు.

ఇటలీ దేశంలోని అసీసీ పట్టణంలో 1194 ప్రాంతంలో క్లారమ్మ గారు గొప్ప వంశంలో జన్మించారు. తల్లి ఒర్తొలానా గారు భక్తిపరురాలు. పవిత్ర భూమికి సైతం యాత్ర చేసి వచ్చిన మనిషి. ఇంట్లో క్లారమ్మ గారికి పెళ్ళి ప్రయత్నాలు జరుగుతుండగా, అదే ఊరిలో పునీత ఫ్రాన్సిస్ వారు పేదరికాన్ని స్వీకరించి సువార్త బోధిస్తున్నారు. ఆ బోధ ఆమె హృదయంలో నాటుకొన్నది. ఎవరెన్ని సంబంధాలు తెచ్చినా ఆమె ఒప్పుకోలేదు.

1212వ సంవత్సరం మ్రానికొమ్మల ఆదివారం నాడు ఆమె మంచి దుస్తులు ధరించి దేవాలయానికి వెళ్ళారు. అందరూ కొమ్మలు అందుకోవడానికి ముందుకు వెళ్ళినా, ఆమె కూర్చున్న చోటనే ఉండిపోయారు. మేత్రాణులు స్వయంగా మెట్లు దిగి వచ్చి ఆమె చేతిలో కొమ్మ పెట్టారు. ఆ రాత్రి ఆమె దుంగలు, రాళ్ళు అడ్డుపెట్టి మూసిన తలుపును తన చేతులతో తెరచుకొని, ఇల్లు విడిచి వెళ్ళారు. ఊరి దిగువన పోర్సియుంకులా అనే చిన్న గుడిలో ఫ్రాన్సిస్ వారు, ఆయన సోదరులు దీపాలతో ఎదురుచూస్తున్నారు. అక్కడ ఫ్రాన్సిస్ వారు ఆమె జుట్టు కత్తిరించి, ముతక వస్త్రాన్ని, ముసుగును ఇచ్చారు. అప్పుడు ఆమె వయస్సు సుమారు 18 సంవత్సరాలు.

బంధువులు ఊరుకొంటారా? ఆమె తలదాచుకొన్న మఠానికి వచ్చి బుజ్జగించారు, బెదిరించారు. ఆమె బలిపీఠపు వస్త్రాన్ని గట్టిగా పట్టుకొని, తలమీది ముసుగు తీసి, కత్తిరించిన జుట్టును వారికి చూపించారు. ఇక ఆమె దేవుని సొత్తు అని వారికి అర్థమైంది. చివరికి వెనుదిరిగి వెళ్ళిపోయారు. కొద్దిరోజులకే ఆమె చెల్లెలు ఆగ్నెస్ కూడా వచ్చి చేరింది. ఆ తరువాత మరొక చెల్లెలు, తల్లి కూడా ఆ బాటలోనే నడిచారు.

సాన్ దమియానో మఠంలో క్లారమ్మ గారు 40 ఏళ్ళకు పైగా జీవించారు. అందులో చాలా కాలం మంచం పట్టినా ఖాళీగా కూర్చోలేదు. నూలు వడికి, బలిపీఠంపై పరచే తెల్లని గుడ్డలు తయారుచేయించి చుట్టుపక్కల దేవాలయాలకు పంపారు. 1240లో సైనికులు మఠంలో చొరబడినప్పుడు ఆమె దివ్యసత్ప్రసాదాన్ని తెప్పించుకొని, దాని ముందు సాగిలపడి ప్రార్థించారు. సైనికులు వెళ్ళిపోయారు.

ఆమెది మెతక స్వభావం అనుకోకండి. ఆస్తులు ఉంచుకొమ్మని 9వ గ్రెగోరి పోపు గారు సలహా ఇచ్చినా, వినయంగానే కాదన్నారు. తన సోదరీమణుల కోసం తానే నియమావళి వ్రాశారు. 4వ ఇన్నోసెంట్ పోపు గారు 1253 ఆగస్టు 9న దానిని ఆమోదించారు. రెండు రోజులకు, ఆగస్టు 11న, ఆమె ప్రభువులో నిద్రించారు. 1255లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. ఆనాడు కత్తిరించిన ఆమె జుట్టు నేటికీ అసీసీలోని ఆమె దేవాలయంలో భద్రంగా ఉంది.

ఇప్పుడు మన విషయానికి వద్దాం. స్త్రీలు తల కప్పుకొని ప్రార్థించాలని పునీత పౌలు గారు కొరింతీయులకు వ్రాశారు. 1917 నాటి శ్రీసభ చట్టం కూడా దేవాలయంలో, ముఖ్యంగా సత్ప్రసాదం స్వీకరించే వేళ, స్త్రీలు తల కప్పుకోవాలన్నది. అయితే ఇది ఆనాటి ఆచారానికి చెందినదని, ఇక తప్పనిసరి కాదని 1976లో రోము నుండి వెలువడిన ప్రకటన తెలిపింది. 1983 నాటి కొత్త చట్టంలో ఆ నియమం లేదు. కనుక తల కప్పుకోని బిడ్డ పాపం చేసినట్లు కాదు. కప్పుకొనే తల్లి వెనుకబడినదీ కాదు.

తల్లులారా, క్లారమ్మ గారి తలపై ఎవరూ బలవంతంగా ముసుగు వేయలేదు. బంధువులు వద్దన్నా ఆమె ఇష్టపడి ధరించారు. అందుకే దానికి అంత విలువ. మీ కుమార్తెను పదిమందిలో గద్దించే బదులు, ఇంట్లో కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. బిడ్డలారా, అమ్మ కొంగు తీసుకొనేటప్పుడు నవ్వకండి. అది ఆమె మౌన ప్రార్థన. వచ్చే ఆదివారం తల కప్పుకొన్నా, కప్పుకోకపోయినా, ఎవరి సన్నిధిలో నిలబడ్డామో మాత్రం మరువకుందాం.

పునీత క్లారమ్మా, మా కుటుంబాల కొరకు ప్రార్థించండి.