తెల్లబట్టల ప్రిన్సిపాలుగారు

కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీకి ఎందరో ప్రిన్సిపాళ్ళు వచ్చారు, వెళ్ళారు. కట్టిన బట్టతో సహా జనానికి గుర్తుండిపోయినవారు మాత్రం సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారే. తెల్లని దుస్తులు, తెల్లని తలపాగా, నిండైన గడ్డం.

నాయుడుగారు 1862 అక్టోబరు 1న బందరులో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో మిల్లర్ దొరగారి శిష్యులు. ఇంగ్లీషులో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నారు. చిన్న వయసులోనే భార్య పోయినా మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. సికిందరాబాదు మహబూబ్ కాలేజీలో పనిచేసి 1904లో కాకినాడ వచ్చారు. 1919 దాకా ఇక్కడే ప్రిన్సిపాలు.

ఆ తెలుపు సోకు కోసం కాదు. ఆయన నడిపిన పవిత్రతా ఉద్యమానికి అది గుర్తు. ఆ రోజుల్లో గోదావరి జిల్లాలో గొప్పింటి పెళ్ళంటే భోగంమేళం ఉండాల్సిందే. వకీళ్ళు, ఉద్యోగులు, పెద్దమనుషులు ముందు వరుసలో కూర్చునేవారు. మేజువాణీకి వెళ్ళరాదు, మద్యం ముట్టరాదు అన్నది ఉద్యమం వారి పట్టు. జరీకండువా మాస్టారు రాత్రి మేజువాణీ చూసి పొద్దున్నే నీతిపాఠం చెప్పినా పిల్లలు పైకి ఏమీ అనరు. మల్లెపువ్వులాంటి బట్ట కట్టినవారికి ఆ వెసులుబాటు లేదు. చిన్న మరక పడినా క్లాసంతా చూస్తుంది.

మరక పడలేదు. జీతంలో చాలా భాగం బీద విద్యార్థుల చదువుకే పోయేది. మగపిల్లలతో పాటు ఆడపిల్లలనూ కాలేజీలో చేర్చుకున్నారు. పిఠాపురం మహారాజావారి సాయంతో అనాథలకు శరణాలయం, అంటరానివారని ఊరు దూరం పెట్టిన కులాల పిల్లలకు హాస్టలు ఏర్పడ్డాయి. ఇవి లేకుంటే ఆ తలపాగా ఒట్టి గుడ్డే అయ్యేది.

అయితే మేళాలు ఆగిపోతే పెద్దాపురం వంటి చోట్ల కళావంతుల కుటుంబాలు ఏం తిని బతకాలన్న ప్రశ్నకు ఉద్యమం గట్టి జవాబు ఇవ్వలేదనే చెప్పాలి.

శిష్యులందరూ ఆయనను ఒకే తీరున చూడలేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గురుభక్తి నిలుపుకున్నారు. చలం ఇక్కడ చదువుతూ నాయుడుగారి ప్రభావంతో బ్రహ్మసమాజంలో చేరారు. తరువాత పవిత్రత అన్న మాటకే ఎదురుతిరిగారు. గురువుగారి తెలుపు ఆయనకు దారి చూపిందో, ఊపిరాడనివ్వలేదో చలం పాఠకులే తేల్చుకోవాలి.

1924లో సర్ బిరుదు వచ్చింది. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరు పదవి వచ్చింది. బట్టల రంగు మారలేదు. 1939 మే 26న నాయుడుగారు కన్నుమూశారు.