ట్రాన్సిస్టరు శిల్పి బ్రాటెన్

ఈనాడు విద్యార్థి తన గిటారుకు గాజు వాల్వులు లేని యాంప్లిఫయరును ఇంటనే అమర్చుకొనగలుగుచున్నాడన్న, అందుకు మూలపురుషులలో ఒకరు వాల్టర్ బ్రాటెన్. ఆయన 1902లో చైనాలోని అమోయ్ నగరమున అమెరికన్ ఉపాధ్యాయుని కుమారుడుగా జన్మించి, వాషింగ్టన్ రాష్ట్రమున పశువుల మేపుచు పెరిగినారు. 1929లో బెల్ ప్రయోగశాలలో చేరినారు. సహచరుడు జాన్ బార్డీన్ సిద్ధాంతమున దిట్ట. బ్రాటెన్ చేతిపనిలో దిట్ట.

త్రికోణాకారపు ప్లాస్టిక్ ముక్క అంచులకు బంగారు రేకు నతికించి, కొనవద్ద బ్లేడుతో సన్నగా చీల్చి, ఆ రెండు అంచులను జెర్మేనియం పలకపై స్ప్రింగుతో అదిమినారు. 1947 డిసెంబరు 16న, ఒక అంచున ప్రవేశించిన బలహీన విద్యుత్ సంకేతము రెండవ అంచున బలపడి వెలువడినది. వారము తిరుగగనే అధికారుల యెదుట మానవ కంఠమే ఆ పరికరము ద్వారా హెచ్చుగా వినిపించినది.

1956లో బార్డీన్, షాక్లీలతో కలిసి నోబెల్ బహుమానమందిన పిమ్మట, తాను చదివిన విట్మన్ కళాశాలలోనే పాఠములు చెప్పినారు. 1987లో కన్నుమూసినారు. రాక్ సంగీతకారులు ఆ విద్యతోనే చెవులకు హాని కలుగునంతగా ధ్వనిని పెంచుట ఆయనను మిక్కిలి నొప్పించినది. ధ్వనిని పెంచు సాధనమును ఆయన ఇచ్చినారు. ఎంత పెంచవలెనన్న వివేకము మీట త్రిప్పు చేతికే ఉండవలెను.