కూలి లెక్క

పోయిన సంక్రాంతి సెలవుల్లో నాన్నతో రావులపాలెం వెళ్ళాను. నాన్న రోజంతా లారీలకు అరటి గెలలు ఎత్తాడు. మేస్త్రి పొద్దున్న చెప్పిన కూలి ఒకటి, సాయంత్రం చేతిలో పెట్టింది ఒకటి. నాన్న ఏమీ అనలేదు. నాకు మాత్రం మన హాస్టల్లోని అల్లూరి సీతారామరాజు పటం గుర్తుకొచ్చింది. ఆయన విల్లంబులు అందరికీ తెలుసు, ఆ పోరాటంలో కూలి గొడవ కూడా ఉందని చాలామందికి తెలీదు.

రాజు 1897లో పాండ్రంగిలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. సన్యాసిలా తిరుగుతూ మన్యం చేరి కృష్ణదేవిపేట దగ్గర ఉన్నాడు. అప్పట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. కొండల్లో రోడ్డు పనికి మనవాళ్ళని పట్టుకెళ్ళి, సరిగా కూలి ఇచ్చేవాడు కాదు. పోడు కొట్టుకుందామంటే అడవి చట్టాలు అడ్డం. అడిగే దిక్కు లేదు. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు రాజుతో కలిశారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు దొరికాయి. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, తీసుకున్నవాటికి రాజు లెక్క రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. కూలి ఎగ్గొట్టినవాళ్ళు అది చూసి ఏమనుకున్నారో!

1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్ళు కూడా నిండలేదు. వెట్టిచాకిరీని నిషేధించిన మన రాజ్యాంగం 1950లో వచ్చింది. జైలు నుంచి బయటికొచ్చిన మల్లుదొర 1952లో లోక్‌సభకు గెలిచాడు.

నాన్న వేసవిలో మళ్ళీ లోడింగుకి వెళ్తాడట. ఈసారి రోజులు, గెలలు, కూలి అన్నీ నేనే నోటుపుస్తకంలో రాస్తానని చెప్పాను.